పైసా తేడా ఎక్కడ పుడుతోంది?

ప్రశ్న: మాది బేగంబజార్‌ల మసాలా దినుసుల హోల్‌సేల్ దుకాణం. డిగ్రీ అయిపోయింది, అమీర్‌పేటల పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష నేర్చుకుంటున్న. నేర్చుకున్నది చేతికి రావాలంటే ఏదన్నా చెయ్యాలె గదా అని దుకాణానికి బిల్లింగ్ ప్రోగ్రాం రాసిన. మొదట్ల బాగనే నడిచింది. నెలాఖరుకు ఆడిటర్ సార్ చూసి పైసల్ల తేడా ఉందన్నరు. 107 రూపాయల సరుకు మీద 2.5 శాతం సీజీఎస్టీ ఆయన లెక్కల 2.68, నా బిల్లుల 2.67. మిరియాల హెచ్‌ఎస్‌ఎన్ కోడ్, అంటే జీఎస్టీల సరుకును గుర్తుపట్టే నంబరు, 0904 కొడితే 904 అని అచ్చయితుంది. యాలకుల బస్తా ధర 1,25,000 అని ప్రోగ్రాంల రాస్తే ఎర్రర్ రాలేదు గానీ, రెండు బస్తాలకు బిల్లు తీస్తే అర్థం లేని అంకెలు వరసగ పడ్డయి. క్లాసుల అడిగితే “రౌండ్ వేసెయ్, పైసలే గదా” అన్నరు. నాయిన మాత్రం “పైసా కలవని లెక్క లెక్కే కాదు, నీ మిషన్ కంటే నా చిట్టా నయం” అంటున్నరు. ప్రోగ్రాం పక్కన పెట్టెయ్యాల్నా, బాగు చేసుకోవచ్చా?
— ఒక పాఠకురాలు, హైదరాబాద్

సమాధానం: పక్కన పెట్టకండి, తప్పకుండా బాగవుతుంది. అయితే పైసా విషయంలో మాత్రం మీ నాన్నగారి మాటే వినండి. డబ్బు లెక్క రాసే ప్రోగ్రాం దగ్గర “పైసలే గదా” అన్న మాటకు చోటు లేదు. ఈరోజు ఒక పైసా ఎందుకు తప్పిందో తెలియకపోతే రేపు వంద రూపాయలు తప్పినా తెలియదు.

మీరు చెప్పిన మూడు తప్పులూ వేరువేరుగా కనిపిస్తున్నా, మూడూ ఒకే చోట మొదలయ్యాయి. మనం రాసే అంకెలు, కంప్యూటర్ లోపల దాచుకునే విలువ, బిల్లు మీద అచ్చయ్యేది, ఈ మూడూ మీ నాన్నగారి చిట్టాలో ఒకటే. పెన్నుతో ఏది రాశారో అదే ఉంటుంది, అదే కనిపిస్తుంది. ప్రోగ్రాంలో ఆ మూడూ వేరు. ఒకదాని నుంచి ఇంకోదానికి మారే ప్రతి చోటా ఏం జరుగుతోందో మీకు తెలిసి ఉండాలి.

ముందు ఆ 2.67 సంగతి చూద్దాం. పైథాన్ తెరిచి ఈ రెండు లెక్కలూ వేయండి:

107 * 0.025
107 * 2.5 / 100

కాగితం మీద రెండింటికీ జవాబు 2.675. పైథాన్ మొదటిదానికి 2.6750000000000003 అంటుంది, రెండోదానికి 2.675 అంటుంది. ఇప్పుడు రెండింటినీ రెండు దశాంశ స్థానాలకు రౌండ్ చేయండి. మొదటిది 2.68 అవుతుంది, చక్కగా కనిపించిన రెండోది 2.67 అవుతుంది. మీ బిల్లులో 2.67 పడిందంటే మీరు రాసింది బహుశా రెండో పద్ధతే. సూత్రం ఒకటే, సరుకు ఒకటే, రాసిన తీరు మారేసరికి పైసా మారిపోయింది. క్లాసులో చెప్పిన “రౌండ్ వేసెయ్” సలహా పనికిరాకపోవడానికి కారణం ఇదే. అప్పటికే కొంచెం జారిపోయిన విలువను రౌండ్ చేస్తే అది ఏ వైపు జారి ఉంటే ఆ వైపే పడుతుంది.

తెర మీద 2.675 అని కనిపించిన రెండో విలువ నిజానికి లోపల 2.67499999999999982 దగ్గర ఉంది. చుక్క ఉన్న సంఖ్యను పైథాన్ ఫ్లోట్ అనే రూపంలో దాస్తుంది. అచ్చు వేసేటప్పుడు, ఆ విలువను గుర్తుపట్టడానికి సరిపోయినన్ని అంకెలు మాత్రమే చూపిస్తుంది. అందుకే మనకు శుభ్రంగా 2.675 కనబడుతుంది. రౌండ్ ఫంక్షన్ చూసేది మాత్రం లోపలి విలువనే. అది సగం కంటే వెంట్రుకవాసి తక్కువ కాబట్టి కిందికి దించింది. ఫంక్షన్ తన పని సరిగ్గానే చేసింది.

ఇక కంప్యూటర్ 2.675ను ఉన్నదున్నట్టు ఎందుకు దాచుకోలేకపోయింది? దీనికి మన పాత రూపాయి కంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు. 1957 ఏప్రిల్ 1కి ముందు రూపాయికి పదహారు అణాలు. సైఫాబాద్ టంకశాలలో అచ్చయిన నిజాం హాలీ సిక్కా రూపాయికీ పదహారు అణాలే. రూపాయిలో సగం అర్ధరూపాయి, అందులో సగం పావలా, దానిలో సగం బేడ, బేడలో సగం అణా, అణాలో సగం అర్ధణా. అన్నీ సగాలే. ఫ్లోట్ కూడా చుక్క తర్వాతి భాగాన్ని ఇలాగే సగం, పావు, అరపావు, వీసం చొప్పున కూర్చుకుంటుంది. పావలా అంటే 0.25, బేడ 0.125, అణా 0.0625. వీటిలో ఏదైనా ఫ్లోట్‌లో తూచినట్టు కూర్చుంటుంది. మీ తాతల కాలంలోలా అణాల్లో రాసిన ధరలైతే ఫ్లోట్‌లో ఉన్నదున్నట్టు ఇమిడేవి. రూపాయికి నూరు పైసలు అయ్యాక కథ మారింది. పది పైసలంటే రూపాయిలో పదోవంతు. సగాలు, పావులు ఎన్ని కలిపినా సరిగ్గా పదోవంతు రాదు. మూడోవంతును మనం 0.3333 అంటూ రాస్తూనే పోతామే, కంప్యూటర్‌కు పదోవంతు అలాంటిది. ఎక్కడో ఒకచోట ఆపాలి. మామూలు ఫ్లోట్‌లో 64 బిట్లు, అంటే 0 గానీ 1 గానీ పట్టే గడులు, ఉంటాయి. వాటిలో ఒక బిట్ ప్లస్, మైనస్ గుర్తుకు, 11 బిట్లు ఘాతానికి, 52 బిట్లు మిగతా భాగానికి పోతాయి. అక్కడ ఆపేసరికి 0.1 కాస్తా 0.1000000000000000055 దగ్గర నిలుస్తుంది. సున్నా పైసల నుంచి తొంభై తొమ్మిది పైసల దాకా ఉన్న నూరు విలువల్లో ఫ్లోట్‌లో ఖచ్చితంగా ఇమిడేవి నాలుగే: 0, 25, 50, 75. మిగిలిన తొంభై ఆరూ దగ్గరి విలువలే.

ఇది పైథాన్ లోపం కాదు. మీ కంప్యూటర్ లోపమూ కాదు. జావా, జావాస్క్రిప్ట్, సీ, ఎక్సెల్ అన్నీ ఇదే రూపం వాడతాయి. 1985లో వచ్చిన ఐఈఈఈ 754 ప్రమాణం దీన్ని స్థిరపరిచింది. దాని వెనుక ముఖ్యమైన వ్యక్తి విలియం కహాన్‌కు 1989లో కంప్యూటర్ రంగంలో పెద్ద పురస్కారమైన ట్యూరింగ్ అవార్డు వచ్చింది. అంతకు ముందు ఒక్కో కంపెనీ మిషన్ ఒక్కోలా లెక్క వేసేది. ఇప్పుడు 107 * 0.025కు హైదరాబాద్‌లో వచ్చిన జవాబే ఎక్కడైనా వస్తుందంటే ఆ ప్రమాణం చలవే.

పదోవంతును చిన్న విషయంగా తీసుకోకూడదని చెప్పడానికి ఒక ఘటన ఉంది. 1991 ఫిబ్రవరి 25న సౌదీ అరేబియాలోని దహ్రాన్‌లో, వస్తున్న క్షిపణిని ఆపాల్సిన పేట్రియాట్ వ్యవస్థ ఆపలేకపోయింది. 28 మంది అమెరికన్ సైనికులు చనిపోయారు. ఆ వ్యవస్థ గడియారం కాలాన్ని సెకనులో పదోవంతుల్లో లెక్కపెట్టేది. ఆ పదోవంతును 24 బిట్లలో కత్తిరించి దాచారు. సుమారు నూరు గంటలు ఆపకుండా నడిచేసరికి గడియారం సెకనులో మూడోవంతు తప్పింది. అంతలో క్షిపణి అర కిలోమీటరు దాటిపోతుంది. ఒక్కసారికి కంటికి ఆనని తేడా, కూడుతూ పోతే అక్కడికి చేరింది.

కాబట్టి మీ ప్రోగ్రాంలో డబ్బును ఫ్లోట్‌లో పెట్టడం మానేయండి. అన్నీ పైసల్లో, పూర్ణాంకాలుగా ఉంచండి. 107 రూపాయలు లోపల 10700. చుక్క పెట్టి రూపాయలుగా చూపించడం అచ్చు వేసే చివరి క్షణంలో చేయాల్సిన పని. పన్ను రేటునూ పూర్ణాంకం చేయండి: 2.5 శాతం అంటే వెయ్యికి 25. అప్పుడు లెక్క 10700 * 25, అంటే 2,67,500. దాన్ని వెయ్యితో భాగిస్తే 267.5 పైసలు.

ఇక్కడ కాసేపు ఆగాలి. జారిపోయిన అంకెలన్నీ పోయాయి, ఇప్పుడు మిగిలింది నిఖార్సయిన అర పైసా. 5 శాతం జీఎస్టీలో సగం కేంద్రానికి వెళ్ళే సీజీఎస్టీ, సగం రాష్ట్రానికి వెళ్ళే ఎస్‌జీఎస్టీ. సీజీఎస్టీకి అర పైసా, ఎస్‌జీఎస్టీకి అర పైసా. 107 మీద 5 శాతం అంటే 5 రూపాయల 35 పైసలు. రెండు భాగాలనూ కిందికి దించితే మొత్తం 5.34, పైకి పెంచితే 5.36. రెండూ సమానంగా ఉండాలంటే 5.35 రానే రాదు. ఈ చిక్కు కంప్యూటర్ తెచ్చింది కాదు, మీ నాన్నగారి చిట్టాలోనూ ఉంటుంది. దీన్ని భాష తేల్చదు, మనిషే తేల్చాలి. ఆడిటర్ గారిని రెండు సంగతులు అడిగి రాసుకోండి: సగం వస్తే ఎటు పోవాలి, ఒక్కో సరుకు వరసకు విడిగా రౌండ్ చేయాలా లేక బిల్లు మొత్తానికి ఒకేసారా. ఆయనకు 2.68 వచ్చిందంటే సగాన్ని పైకి పెంచుతున్నట్టు కనిపిస్తోంది. అదే నియమమైతే ఇలా రాయండి:

(10700 * 25 + 500) // 1000

జవాబు 268. వెయ్యిలో సగమైన 500 కలిపి, మిగులు వదిలేసే భాగహారం వేశాం. ఈ లెక్కలో ఫ్లోట్ ఎక్కడా అడుగుపెట్టలేదు.

పైథాన్ రౌండ్ ఫంక్షన్ మీద ఇంకో మాట. అది సరిగ్గా సగం వచ్చినప్పుడు దగ్గర్లోని సరి సంఖ్య వైపు వెళ్తుంది. 2.5ను రౌండ్ చేస్తే 2, 3.5ను చేస్తే 4. ఎన్నో విలువలు కూడే చోట లెక్క ఒకవైపే ఒరిగిపోకుండా ఆ పద్ధతి పెట్టారు, దానికి దాని విలువ ఉంది. మన జీఎస్టీ చట్టం 170వ సెక్షన్ మాత్రం పన్ను మొత్తాన్ని దగ్గరి రూపాయికి రౌండ్ చేసేటప్పుడు 50 పైసలు, ఆపైన ఉంటే రూపాయికి పెంచాలనీ, తక్కువైతే వదిలేయాలనీ చెబుతుంది. 2 రూపాయల 50 పైసలకు చట్టం 3 అంటుంది, పైథాన్ 2 అంటుంది. పన్ను మొత్తాన్ని రూపాయికి రౌండ్ చేసే చోట చట్టమే ప్రమాణం.

సరుకు వాపసు వచ్చినప్పుడు జాగ్రత్త. పైన రాసిన లెక్కలోనే 10700 బదులు -10700 పెడితే -268 రాదు, -267 వస్తుంది. పైథాన్‌లో // ఎప్పుడూ కిందికే దిగుతుంది, రుణ సంఖ్యల దగ్గర కింద అంటే సున్నాకు దూరంగా. మనం కలిపిన 500 కూడా పనిచేసి, సగం దగ్గర రుణ సంఖ్య సున్నా వైపు పడుతుంది. అమ్మినప్పుడు 268, వాపసులో 267 పోతే ఖాతాలో పైసా మిగిలిపోతుంది, నెలాఖరుకు మళ్ళీ అదే గొడవ. పన్నును ఎప్పుడూ ధన సంఖ్య మీదే లెక్కగట్టి, వాపసు అయితే చివర్లో మైనస్ తగిలించండి.

పైసల్లో పెడితే సంఖ్యలు పెద్దవవుతాయన్న దిగులు పైథాన్‌లో అక్కర్లేదు. దాని పూర్ణాంకానికి హద్దు మీ కంప్యూటర్ మెమరీ ఒక్కటే. రేపు ఇదే ప్రోగ్రాం జావాలోకో, డేటాబేస్‌లోకో తీసుకెళ్తే మాత్రం గుర్తుంచుకోండి: అక్కడ పూర్ణాంకాలు దాచే మామూలు రకం, ఇంట్, 2,14,74,83,647 దగ్గర ఆగిపోతుంది. పైసల్లో అంటే రెండు కోట్ల పద్నాలుగు లక్షల డెబ్భై నాలుగు వేల రూపాయల చిల్లర. బేగంబజార్ హోల్‌సేల్ దుకాణం ఏడాది అమ్మకానికి అది చాలకపోవచ్చు. ఇంకా పెద్ద సంఖ్యలు పట్టే రకాలు, జావాలో లాంగ్, మైఎస్‌క్యూఎల్ డేటాబేస్‌లో బిగ్‌ఇంట్ వాడండి.

పైసల పద్ధతి ఇబ్బందనిపిస్తే పైథాన్‌లోనే డెసిమల్ అనే మాడ్యూల్ ఉంది. అది మనలాగే పదుల్లో లెక్క వేస్తుంది, సగం వస్తే ఎటు పోవాలో మనమే చెప్పవచ్చు. ఒక్క షరతు: విలువను కోట్స్ మధ్య స్ట్రింగ్‌గా, అంటే సంఖ్యగా కాక అక్షరాల వరసగా, ఇవ్వాలి. కోట్స్ లేకుండా 0.1 అని ఇస్తే అది ముందు ఫ్లోట్ అయిపోతుంది. డెసిమల్ ఆ తప్పిన విలువనే పూర్తి నమ్మకంగా పట్టుకుంటుంది. చిన్న దుకాణం బిల్లింగ్‌కు నేనైతే పైసల పూర్ణాంకాలే మేలంటాను. తప్పు చేయడానికి అందులో సందు తక్కువ.

ఫ్లోట్‌ను పూర్తిగా వెలివేయనక్కర్లేదు. కొలిచి తెలుసుకునేవన్నీ, అంటే గోదాము ఉష్ణోగ్రత, తేమ శాతం, నెల సగటు అమ్మకం లాంటివి అందులో నిశ్చింతగా ఉంటాయి. కాటా మీద తూకం మాత్రం ధరతో గుణించి డబ్బు అవుతుంది కాబట్టి దాన్ని గ్రాముల్లో పూర్ణాంకంగా ఉంచండి. కిలో 240 రూపాయల సరుకు 350 గ్రాములంటే 24000 * 350 // 1000, జవాబు 8400 పైసలు. ధర, తూకం కలిసి ఇంత చక్కగా తేలని చోట ఇక్కడా ఆ 500 కలపండి.

ఇక 0904. అది సంఖ్యే కాదు. మిరియాల కోడ్‌ను ఎవరూ దేనితోనూ కూడరు, గుణించరు. అది పేరు లాంటిది, అంకెలతో రాశారంతే. కీబోర్డ్ నుంచి వచ్చిన “0904”ను మీ ప్రోగ్రాం ఇంట్‌లోకి, అంటే పూర్ణాంకంలోకి మార్చింది, విలువగా చూస్తే ముందున్న సున్నాకు పని లేదు, పోయింది. దాన్ని స్ట్రింగ్‌గానే వదిలేయండి. పసుపు 0910, పప్పుదినుసులు 0713, జీడిపప్పు 0801, మీ దుకాణంలో సగం కోడ్లు సున్నాతోనే మొదలవుతాయి. గిరాకీ ఫోన్ నంబరు, హైదరాబాద్ ఎస్‌టీడీ కోడ్ 040, బ్యాంకు ఖాతా నంబరు, అన్నీ స్ట్రింగ్‌లే. ఎక్సెల్‌లో తెరిచేటప్పుడు కూడా ఆ కాలమ్‌ను టెక్స్ట్‌గా పెట్టండి. లేకపోతే అదీ సున్నాను మింగేస్తుంది, ఖాతా నంబరు 15 అంకెలు దాటితే మిగతావాటిని సున్నాలు చేసేస్తుంది.

కోడ్‌ను నేరుగా ప్రోగ్రాంలో 0713 అని రాస్తే పైథాన్ 3 ఎర్రర్ ఇచ్చి ఆపుతుంది. అది మన మేలు కోసమే. సీ భాషలో ముందు సున్నా పెడితే అది ఎనిమిది ఆధారంగా రాసిన ఆక్టల్ సంఖ్య. అక్కడ 0713 నోరెత్తకుండా 459 అవుతుంది, మన 040 కాస్తా 32 అవుతుంది.

యాలకుల బస్తా దగ్గరా ఇలాంటిదే జరిగింది. పైథాన్‌లో కామా అంటే వేర్వేరు విలువలను విడదీసే గుర్తు. 1,25,000 అని రాస్తే లక్షా పాతికవేలు అని దానికి అర్థం కాలేదు. 1, 25, 0 అనే మూడు విలువల జట్టు అనుకుంది. దాన్ని రెండు బస్తాలతో గుణించారు, జట్టును రెండుసార్లు రాసి (1, 25, 0, 1, 25, 0) ఇచ్చింది. మీ బిల్లు మీద వరసగా పడినవి అవే. ధర 1,05,000 అయి ఉంటే 05లోని ముందు సున్నా వల్ల ఎర్రర్ వచ్చి అప్పుడే దొరికిపోయేది. కామాల బదులు అండర్‌స్కోర్ వాడండి: 1_25_000. పైథాన్ 3.6 నుంచి ఇది చెల్లుతుంది. మూడేసి అంకెలకే పెట్టాలన్న నియమం లేదు కాబట్టి మన లక్షల లెక్క అలాగే రాసుకోవచ్చు. చూపించేటప్పుడు మాత్రం పైథాన్ మామూలు కామా పద్ధతి 125,000 అని వేస్తుంది. చివరి మూడు అంకెలు విడిచి, మిగతావి వెనక నుంచి రెండేసి విడగొట్టే చిన్న ఫంక్షన్ మీరే రాయండి. మీ స్థాయికి మంచి అభ్యాసం.

దుకాణంలో ఎవరైనా ఫోన్‌లో తెలుగు అంకెలతో కొడతారేమో కూడా చూసుకోండి. పైథాన్‌కు “౧౨౩” అనే స్ట్రింగ్ ఇచ్చి ఇంట్‌గా మార్చమంటే 123 అని సరిగ్గా తీసుకుంటుంది. నాకు ఎంతో సంతోషం కలిగించే సంగతి అది. జావాస్క్రిప్ట్ అయితే అది సంఖ్య కాదని తిప్పికొడుతుంది. ప్రోగ్రాం లోపల మాత్రం పైథాన్‌లోనూ ౧౨౩ అని నేరుగా రాయడం కుదరదు.

ఇప్పటికే గిరాకీలకు ఇచ్చిన బిల్లులను ప్రోగ్రాంలో మార్చేయకండి. పాత ఫైలు అలాగే ఉంచి, కొత్త లెక్కతో ఆ నెల బిల్లులన్నీ మళ్ళీ వేయించి, తేడా వచ్చిన వాటి జాబితా ఒకటి తీయండి. బిల్లు నంబరు, పాత పన్ను, కొత్త పన్ను, అంతే చాలు. దాన్ని ఆడిటర్ గారి చేతికివ్వండి, దేన్ని ఎలా సరిదిద్దాలో ఆయన చెబుతారు. ఆ తర్వాత ఒక నెలపాటు మీ నాన్నగారి చిట్టా, మీ ప్రోగ్రాం రెండూ పక్కపక్కన నడపండి. సాయంత్రం గల్లా కట్టేటప్పుడు రెండు మొత్తాలూ కలిపి చూసుకోండి. 107 రూపాయల బిల్లును, దాని వాపసును, 1,05,000 ధరను, 0904ను పరీక్షల కింద ఒక ఫైలులో రాసిపెట్టి, ప్రోగ్రాంలో ఏ చిన్న మార్పు చేసినా ముందు వాటిని నడిపి చూడండి.